ఊరెళ్ళిన వేళ ఇంటి కెమెరా ఆగిపోతే

దసరా తరువాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. కొరాపుట్, రాయగడ జిల్లాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇళ్ళకు తాళాలు వేసి స్వస్థలాలకు బయలుదేరే రోజులవి. కకిరిగుమ్మలో రైలెక్కిన ఒక గృహస్థు రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా తల్లిదండ్రుల ఇంటికి చేరాడనుకుందాం. రాత్రి భోజనమయ్యాక ఒకసారి ఇల్లు చూసుకుందామని ఫోను తెరుస్తాడు. వీధి గుమ్మం కనిపించవలసిన చోట నల్లని తెర, దానిపై ‘ఆఫ్‌లైన్’ అన్న ఒక్క మాట ఉంటాయి.

ఆ మాట చూడగానే మనసు దొంగల మీదికే పోతుంది. ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. కొందరు ఆ రాత్రికి రాత్రే ఘాటు రోడ్డు మీద తిరుగు ప్రయాణం కడతారు. మరికొందరు గూగుల్‌లో కనిపించిన ఏదో ‘కస్టమర్ కేర్’ నంబరుకు ఫోను చేసి, అవతలి వ్యక్తి అడిగిన ఓటీపీ చెప్పి, బ్యాంకు ఖాతా ఖాళీ చేసుకుంటారు. కెమెరా ఆగిపోవడం వలన కలిగే నష్టం కన్నా, ఆగిపోయిందన్న కంగారు వలన కలిగే నష్టమే తరచు పెద్దదిగా ఉంటుంది.

ఆఫ్‌లైన్ అంటే కెమెరా పాడైందని కాదు. ఇంట్లో ఎవరో చొరబడ్డారని అంతకన్నా కాదు. కెమెరాకూ, దానిని నడిపే సంస్థ సర్వరుకూ నడుమ సంబంధం తెగిందని మాత్రమే దాని అర్థం. వైఫై కెమెరా తీసే దృశ్యం చాలావరకు ఇంటి నుండి నేరుగా ఫోనుకు రాదు. మీటరు నుండి వచ్చే కరెంటు, అడాప్టరు, కెమెరా, వైఫై, రౌటరు, వీధి స్తంభాల మీది ఫైబరు తీగ, సంస్థ సర్వరు, చివరకు ఫోనులోని యాప్ అనే ఇన్ని మజిలీలలో ఏ ఒక్కటి నిలిచిపోయినా ఫోను చెప్పేది ఆ ఒక్క మాటే. ఏ మజిలీ దగ్గర ఆగిందో కనిపెట్టడమే చేయవలసిన పని. అందులో సగం దూరాన ఉండి కూడా చేయవచ్చు.

చేతిలో ఉన్న ఫోనుతోనే మొదలుపెట్టడం మేలు. ఫోనులో నెట్ సక్రమంగా ఉన్నదా, యాప్ నుండి లాగౌట్ అయిందా, ఇంట్లో మరొకరి ఫోనులో అదే కెమెరా కనిపిస్తున్నదా అన్నవి రెండు నిమిషాలలో తేలిపోతాయి. ఆ సంస్థ కెమెరాలు వాడే బంధుమిత్రులకు కూడా తెర నల్లగానే ఉంటే, లోపం ఇంటిది కాదు, సర్వరుది. 2021 డిసెంబరు 7న అమెరికాలో అమెజాన్ వారి క్లౌడ్ సేవలు కొన్ని గంటల పాటు నిలిచిపోయినప్పుడు, కరెంటూ నెట్టూ ఉన్న ఇళ్ళలో సైతం రింగ్ కెమెరాలు పనిచేయక జనం అవస్థ పడ్డారు. అటువంటి రోజున గృహస్థు చేయగలిగింది ఏమీ లేదు, వేచి ఉండడమే.

పొరుగింటికి ఒక ఫోను

ఫోనులో లోపం లేదని తేలితే, తరువాత అడగవలసింది కరెంటు సంగతి. పొరుగువారు ఒడియా మాట్లాడేవారైతే రెండు చిన్న వాక్యాలు చాలు. ‘భాయి, లైన్ అఛి కి?’ అంటే కరెంటు ఉన్నదా అని. కిటికీలోంచి రౌటరు కనిపించే ఇల్లయితే ‘నాలి బత్తి జళుఛి కి?’ అంటే ఎర్ర దీపం వెలుగుతున్నదా అని. ఈ రెండు ప్రశ్నల జవాబులతో సగం చిక్కు విడిపోతుంది.

వీధి మొత్తానికి కరెంటు లేకపోతే దిగులు పడవలసిన పని లేదు. కరెంటు వచ్చిన కొద్ది నిమిషాలకు రౌటరు, దాని వెనుకే కెమెరా వాటంతట అవే లేస్తాయి. పొరుగింట దీపాలు వెలుగుతూ ఒక్క ఈ ఇంటికే కరెంటు లేకపోతే, ఉరుములకో హెచ్చు వోల్టేజీకో మెయిన్ స్విచ్చు పడిపోయి ఉండవచ్చు. తాళంచెవి ఒకటి నమ్మకస్తుల దగ్గర ఉంటే ఆ పని అక్కడితో ముగుస్తుంది. కరెంటూ ఉండి, రౌటరు మీద ‘లాస్’ అని రాసి ఉన్న చోట ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటూ ఉంటే ఫైబరు తీగ ఎక్కడో తెగిందని గుర్తు. దానికి నెట్ కనెక్షన్ ఇచ్చిన సంస్థకు ఫిర్యాదు చేయడం తప్ప వేరే మార్గం లేదు. కెమెరాను ఎన్నిసార్లు మార్చి చూసినా ప్రయోజనం ఉండదు.

తుపాన్ల నెలలూ పండుగల నెలలూ ఒకటే కావడం ఈ ప్రాంతవాసుల దురదృష్టం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర, తిత్లీ 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం జిల్లాలో పలాస దగ్గర, గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటాయి. ఆ గాలివానల తాకిడి కొండలెక్కి దక్షిణ ఒడిశా వరకూ వచ్చింది. హుద్‌హుద్ తరువాత విశాఖ వంటి మహానగరమే రోజుల తరబడి కరెంటూ ఫోనూ లేక మూగబోయింది. అటువంటి వేళ ఇంటి కెమెరా రెండు మూడు రోజులు కనిపించకపోవడం వింత కాదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చాలామందికి తెలియదు. దక్షిణ ఒడిశాలో కరెంటు ఫిర్యాదుల నంబరు 1912, ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే. అత్యవసర సేవల 112 దేశమంతటికీ ఒక్కటే. అయితే ఈ పొట్టి నంబర్లు సాధారణంగా ఫోను ఎక్కడ ఉంటే ఆ రాష్ట్రపు కేంద్రానికే కలుస్తాయి. విజయనగరంలో కూర్చుని 1912 నొక్కితే విజయనగరం సంగతి చూసేవారే పలుకుతారు. అందుచేత ఆ ఫోను పొరుగువారు చేయాలి, లేదా ఇంటి దగ్గరి విద్యుత్ కార్యాలయం, పోలీసు స్టేషను నంబర్లు పూర్తిగా ముందే రాసి పెట్టుకోవాలి.

వేళను బట్టి రోగం

కరెంటూ నెట్టూ ఉండి కెమెరా మాత్రమే పలకకపోతే, అది ఆగిన వేళను గమనించాలి. ఎందుకు ఆగిందో చాలాసార్లు ఆ వేళే చెబుతుంది.

చీకటి పడగానే ఆగి, తెల్లవారాక తిరిగి వచ్చే కెమెరాలో లోపం సాధారణంగా అడాప్టరుది. రాత్రివేళ చూపు కోసం కెమెరాలోని పరారుణ దీపాలు వెలుగుతాయి. వాటికి అదనపు కరెంటు కావాలి. పాతబడిన అడాప్టరు, లేక మేడ మీది వరకు లాగిన సన్నని పొడవాటి తీగ ఆ భారం మోయలేదు. అడాప్టరు మార్చేటప్పుడు పాతదానిపై ఎన్ని వోల్టులు అని ఉన్నదో కొత్తదీ అన్ని వోల్టులే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండాలి, లేదా ఎక్కువ ఉండవచ్చు. 5 వోల్టుల కెమెరాకు 12 వోల్టుల అడాప్టరు తగిలిస్తే కెమెరా మరి లేవదు. పిన్ను సరిపోయింది కదా అని తగిలించేవారు తక్కువేమీ కాదు.

మధ్యాహ్నానికో సాయంత్రానికో ఆగి, అర్ధరాత్రి దాటాక మళ్ళీ వచ్చేది సిమ్ కార్డుతో నడిచే కెమెరా. ఫైబరు రాని వీధులలో దీనినే పెట్టుకుంటారు. లెక్క చూస్తే కారణం తేలిపోతుంది. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున ఎడతెగక దృశ్యం పంపే కెమెరా రోజుకు దాదాపు 10.8 జీబీ ఖర్చు చేస్తుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే రీచార్జి నాలుగున్నర గంటలలో అయిపోతుంది. ఆ తరువాత అనేక ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగానికి దృశ్యం రాదు, కెమెరా ఉన్నా లేనట్టే. కదలిక కనిపించినప్పుడు మాత్రమే పంపేటట్టు కెమెరాను అమర్చడం, చూడని వేళ యాప్‌లో ప్రత్యక్ష ప్రసారాన్ని మూసి ఉంచడం దీనికి మందు. కొండల నడుమ ఉన్న కకిరిగుమ్మ వంటి ఊళ్ళలో సిమ్ సిగ్నలు ఇంటి ఒక వైపు ఉండి మరొక వైపు ఉండకపోవచ్చు. కెమెరా బిగించే ముందు అదే కంపెనీ సిమ్ ఉన్న ఫోనును గోడ మీద ఆ చోటనే పట్టుకుని చూడడం మంచిది.

వాన పడినప్పుడల్లా ఆగేదానికి కారణం కెమెరా తోక దగ్గరి కనెక్టరులో చేరిన నీరు. ఆ ముడిని ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, తీగను డబ్బా కన్నా కిందికి వంచి పైకి తెస్తే చినుకు తీగ వెంట లోనికి జారదు.

కొత్త రౌటరు పెట్టిన నాటి నుండీ కనిపించని కెమెరాల కథ వేరు. వాటికి పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డు మాత్రమే తెలుసు. కొత్త రౌటరుకు కూడా అక్షరం పొల్లుపోకుండా పాత పేరే, పాత పాస్‌వర్డే పెడితే ఇంట్లోని కెమెరాలన్నీ అడగకుండానే కలుస్తాయి. చవక రకం కెమెరాలలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుంది. 5 గిగాహెర్ట్జ్ వాటికి కనిపించదు. రౌటరులో 2.4 గిగాహెర్ట్జ్ తెరిచి ఉన్నదో లేదో చూడాలి.

రీసెట్ బొత్తాము చివరి మాట కావాలి, మొదటి మాట కాకూడదు. అది నొక్కితే కెమెరా తన వైఫైని, తన యజమానిని, పాస్‌వర్డును మరచిపోతుంది. ఊళ్ళో లేని మనిషి దానిని మళ్ళీ కలపలేడు. పొరుగింటి కుర్రవానితో ఫోనులో చెబుతూ రీసెట్ చేయించి, అప్పటివరకు చిన్నదిగా ఉన్న చిక్కును పెద్దది చేసుకున్నవారు ఉంటారు. ప్లగ్గు తీసి, అర నిమిషం ఆగి, మళ్ళీ పెట్టించడం వరకే వారి చేత చేయించాలి.

మళ్ళీ కలిపేటప్పుడు పెట్టెతో వచ్చిన పాస్‌వర్డునే ఉంచేయడం ప్రమాదం. 2016లో ‘మిరాయ్’ అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచవ్యాప్తంగా ఇళ్ళలోని కెమెరాలలోకి, రికార్డర్లలోకి, రౌటర్లలోకి చొరబడింది. అది ప్రయోగించినది 60కి పైగా ఫ్యాక్టరీ పేర్ల, పాస్‌వర్డుల జాబితా మాత్రమే. అలా వశపరచుకున్న పరికరాలతోనే ఆ ఏడాది అక్టోబరు 21న డిన్ అనే సంస్థపై దాడి జరిగి, ట్విట్టర్ వంటి సైట్లు అమెరికాలో గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ కెమెరాల యజమానులలో అనేకులకు తమ కెమెరా దాడిలో పాల్గొన్న సంగతే తెలియదు.

సహాయం కోసం ఫోను చేయదలిస్తే నంబరును కెమెరా పెట్టె మీద నుండో, యాప్ లోపలి నుండో మాత్రమే తీసుకోవాలి. ఓటీపీ అడిగినా, ఫోను తెరను చూపే మరో యాప్ వేయమన్నా వెంటనే పెట్టేయాలి. అప్పటికే డబ్బు పోయి ఉంటే 1930కి ఆలస్యం చేయకుండా చెప్పాలి; తొలి గంటలలో చెబితే సొమ్ము ఆపగలిగే అవకాశం ఎక్కువ.

అనుమానించవలసిన సందర్భమూ ఒకటి ఉన్నది. వీధిలో కరెంటు ఉండి, అదే రౌటరుకు కలిపిన మిగిలిన కెమెరాలు పనిచేస్తూ, గుమ్మం దగ్గరిది మాత్రం ఎవరో కదిలినట్టు హెచ్చరిక పంపిన మరుక్షణమే ఆగిపోతే, దానిని సాంకేతిక లోపంగా కొట్టివేయరాదు. పొరుగువారిని ఒంటరిగా తలుపు దగ్గరికి పంపకుండా, వారి చేత 112కు ఫోను చేయించాలి. ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ పేరిట, తాళం వేసిన ఇంట్లో తామే కెమెరా అమర్చి నిఘా ఉంచే ఏర్పాటు తెచ్చిన సంగతి అటునుండి వచ్చిన కుటుంబాలకు గుర్తుండే ఉంటుంది. అది ఆ రాష్ట్రపు ఏర్పాటు. కొండల ఇవతలి ఇంటికి దానిని నమ్ముకుని ఉండరాదు.

బయలుదేరే ముందు చేసే రెండు పనులతో ఈ దిగులు చాలావరకు తప్పుతుంది. మొదటిది, రౌటరుకూ కెమెరాకూ కలిపి ఒక చిన్న యూపీఎస్. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో ఆ రెండు ప్లగ్గులూ ఇన్వర్టరు లైనులోనే ఉన్నాయా అని చూసుకుంటే చాలు. రెండవది, కెమెరాలో మెమరీ కార్డు. నెట్ తెగినా కరెంటు ఉన్నంతసేపూ కెమెరా చూసినదంతా కార్డులో రాసుకుంటూనే ఉంటుంది.

తిరిగి వచ్చాక ఆ కార్డు చూసేటప్పుడు తడబడే చోటు ఒకటి ఉంటుంది. కరెంటు పోయి వచ్చి, నెట్ ఇంకా రాకపోతే అనేక కెమెరాలకు తేదీ తెలియదు. అవి 1970 జనవరి 1 నుండి లెక్క మొదలుపెడతాయి. పండుగ నాటి రికార్డింగు లేదని బెంగపడే ముందు, కెమెరా అడిగినా కార్డును ఫార్మాట్ చేయకుండా, 1970 తేదీ కింద ఏమైనా ఉన్నదేమో వెతికి చూడాలి.