వేషానికీ ఒక నియమావళి

ఇష్టపడిన కథలోని పాత్రలా బట్టలు కుట్టుకుని, విగ్గు పెట్టుకుని, ఆయుధం పట్టుకుని జనంలోకి రావడాన్ని కాస్‌ప్లే అంటారు. జపాన్ వారి యానిమేషన్ సీరియళ్ళనూ సినిమాలనూ కలిపి యానిమే అంటారు. యానిమే అభిమానులు ఒకచోట చేరినప్పుడు కాస్‌ప్లే తప్పకుండా ఉంటుంది. దూరం నుంచి చూసేవారికి అక్కడ అడ్డూ అదుపూ లేని స్వేచ్ఛ కనిపిస్తుంది. దగ్గరికి వెళితే లావుపాటి నియమాల పుస్తకం కనిపిస్తుంది. ఆ స్వేచ్ఛ నిలబడి ఉన్నది ఆ పుస్తకం మీదే. ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

1939 జూలైలో న్యూయార్క్‌లో సైన్స్ ఫిక్షన్ అభిమానుల తొలి ప్రపంచ సమావేశం, వరల్డ్‌కాన్, జరిగింది. సుమారు 200 మంది వచ్చారు. వారిలో ఫారెస్ట్ జె. ఆకర్‌మన్, మర్టిల్ డగ్లస్ అనే ఇద్దరు భవిష్యత్తు కాలపు దుస్తుల్లో వచ్చారు. 1936 నాటి ‘థింగ్స్ టు కమ్’ సినిమా ఆ దుస్తులకు ప్రేరణ. రెండు జతలూ కుట్టింది డగ్లస్. పేరు మాత్రం చాలాకాలం ఆకర్‌మన్‌కే దక్కింది. ఈ రంగంలో నియమాలేవీ పుట్టకముందే స్థిరపడిన ఆనవాయితీ అదొక్కటే.

నియమాలు ఎలా పుడతాయో తెలియాలంటే 1972 నాటి లాస్ ఏంజెలెస్ వరల్డ్‌కాన్‌ను చూడాలి. స్కాట్ షా అనే కార్టూనిస్టు ఒంటినిండా పీనట్ బటర్ పూసుకుని, తాను సృష్టించిన ఒక కామిక్స్ పాత్రగా వచ్చాడు. అది పక్కవారి దుస్తులకూ సోఫాలకూ అంటుకుంది. తర్వాత దీపాల వేడికి కంపు కొట్టడం మొదలైంది. ఆపైన తినే పదార్థాలతో, జిడ్డు పదార్థాలతో వేషం వేయకూడదన్న నిబంధన చేరింది. ఏ నిబంధన వింతగా కనిపించినా, దాని వెనక ఎక్కడో ఒక ఉత్సాహవంతుడు ఉన్నాడని అర్థం చేసుకోవాలి.

ఇక జపాన్‌కు వద్దాం. అక్కడి అభిమానుల సమావేశాల్లోకెల్లా పెద్దది టోక్యోలో ఏటా ఆగస్టులో, డిసెంబరులో జరిగే కామిక్ మార్కెట్. ముద్దుపేరు కామికెట్. అభిమానులు తామే రాసి, గీసి, సొంత ఖర్చుతో అచ్చు వేసుకునే పుస్తకాలను దోజిన్‌షీ అంటారు. వాటిని అమ్ముకునే సంతగా మొదలై, కాస్‌ప్లేకు కూడా పెద్ద వేదికగా మారింది.

ఆ సంత పుట్టింది ఒక కోపంలోంచి. అప్పట్లో ఉన్న మరో సమావేశం వారు, తమను విమర్శించిన ఒక అభిమానిని లోపలికి రానివ్వలేదు. మేయ్‌క్యూ అనే విమర్శకుల బృందానికి ఇది నచ్చక, సొంతంగా ఒకటి పెట్టుకుంది. యోనెజావా యోషిహిరో అందులో ముఖ్యుడు. 1975 డిసెంబరు 21న జరిగిన తొలి సంతలో 32 బృందాలు పుస్తకాలు పెట్టాయి. వచ్చినవారు సుమారు 700 మంది, అందులో అత్యధికులు బడికి వెళ్ళే ఆడపిల్లలు. విమర్శకుణ్ణి గెంటేస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణలు చరిత్రలో చాలా ఉన్నాయి. వాటి నుంచి నేర్చుకున్న సంస్థలే అరుదు.

1996 నుంచి ఇది టోక్యో బిగ్ సైట్ అనే ప్రదర్శనశాలలో జరుగుతోంది. 2019 డిసెంబరులో నాలుగు రోజులకు కలిపి సుమారు 7,50,000 మంది వచ్చారు. 2013 ఆగస్టులోనైతే జనం చెమట ఆవిరై, పైకప్పు కింద మబ్బులా కమ్ముకుందని వెళ్ళినవారు చెప్పుకున్నారు. అది వానగా కురిసి ఉంటే గొడుగుల మీద కూడా ఒక నిబంధన వచ్చి ఉండేది.

ఇంతమందిని అదుపులో పెట్టే అసలు సూత్రం ఒకటుంది. కామికెట్‌లో కస్టమర్లు లేరు. అమ్మేవారు, కొనేవారు, జీతం లేకుండా పనిచేసే వేలమంది కార్యకర్తలు, అందరూ పాల్గొనేవారే. కస్టమర్‌కు హక్కులుంటాయి, పాల్గొనేవారికి పనులుంటాయి. లక్షల మందికి సేవ చేయడం ఏ సంస్థ వల్లా కాదు. లక్షల మంది ఎవరి చెత్త వారు ఎత్తుకుంటే మాత్రం సాయంత్రానికి హాలు ఖాళీ అవుతుంది.

ఈ సూత్రం కాస్‌ప్లే దగ్గరికి వచ్చేసరికి ఇలా మారుతుంది: ఇంటి నుంచి వేషంతో రాకూడదు, వేషంతో ఇంటికి పోకూడదు. రుసుము కట్టి, కేటాయించిన గదుల్లోనే మార్చుకోవాలి. అందుకని రెక్కల రాక్షసుడు కూడా పొద్దున్నే రైల్లో ప్యాంటూ చొక్కాతోనే దిగుతాడు. రెక్కలు చక్రాల సూట్‌కేసులో ఉంటాయి. కారణం సులువు. రైల్లోని మిగతా ప్రయాణికులు ఆ కథలో పాత్రలు కారు. ఉంటారా అని వారిని ఎవరూ అడగలేదు.

మరో నియమం ఇంకా తమాషాగా ఉంటుంది. పోలీసులూ అగ్నిమాపక సిబ్బందీ నిజంగా వేసుకునే యూనిఫాంలాంటి దుస్తులు నిషిద్ధం. తొక్కిసలాట జరిగినా, నిప్పు అంటుకున్నా జనం యూనిఫాం ఉన్న మనిషి దగ్గరికే పరుగెత్తుతారు. అప్పుడు అతను తాను ఉత్త పాత్రనని చెప్పడం బాగుండదు. కాబట్టి ఆరు చేతుల దెయ్యానికి ప్రవేశం ఉంది, కానిస్టేబుల్‌కు లేదు. దెయ్యాన్ని చూసి ఎవరూ పొరబడరు, సాయమూ అడగరు.

వేషానికి కట్టుబాటు ఉండాలన్న మాట తెలుగువారికి కొత్తేమీ కాదు. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అంటూ ఏ రోజుకు ఏ వేషమో ఒక వరుస ఉంది. అక్కడ ఎవరు ఎవరిగానైనా మారవచ్చు, కాకపోతే ఆ రోజు రావాలి.

ఆయుధాల మీది ఆంక్షలు ఒక చేతిపనిని కూడా పెంచాయి. నిజమైన లోహపు కత్తిని ఇలాంటి గుంపులోకి రానివ్వరు గనుక కత్తులు, కవచాలు ఈవీఏ ఫోమ్‌తో చేస్తారు. పిల్లల గదుల్లో నేల మీద పరిచే మెత్తటి రంగు చాపల పదార్థం అదే. కాగితం మీద గీసుకున్న కొలతల ప్రకారం కట్టర్‌తో కోస్తారు. హీట్ గన్‌తో వేడిగాలి పట్టిస్తే పైనున్న సన్నటి రంధ్రాలు మూసుకుపోయి, రంగును పీల్చకుండా ఉంటుంది. వేడి మీదే మోకాలికి ఆనించి వంచితే, చల్లారాక ఆ వంపు అలాగే నిలుస్తుంది.

అతుకులకు ఫెవికాల్ ఎస్ఆర్ లాంటి జిగురు వాడతారు. రెండు అంచులకూ రాసి, వేలికి అంటనంతగా ఆరనిచ్చి, అప్పుడు కలపాలి. ఒకసారి కలిపాక సర్దడానికి వీలుండదు. ఆరేదాకా ఆగలేనివారి కవచాలు మధ్యాహ్నానికి విడిపోతాయి. అప్పుడొక మహాయోధుడు గోడవారగా చతికిలబడి, ముక్కూ మొహం తెలియని మరో యోధుడిచ్చిన జిగురుతో భుజకవచం అతికించుకుంటూ కనిపిస్తాడు. శత్రుపక్షాల మధ్య ఇంత సహకారం మూలకథల్లో ఉండదు.

ఫొటోలకూ పద్ధతి ఉంది. కామికెట్‌లో ముందు అడగాలి, తర్వాత వరుసలో నిలబడాలి. కింది కోణం నుంచి తీయకూడదు. జనం మరీ ఎక్కువైతే చుట్టూ వలయంగా నిలబడతారు. ఎవరో ఒకరు పది నుంచి వెనక్కి లెక్కపెడతారు, సున్నా రాగానే కెమెరాలు దిగుతాయి. న్యూయార్క్ కామిక్ కాన్ 2014లో, వేషం వేసుకున్నంత మాత్రాన అనుమతి ఇచ్చినట్టు కాదని బోర్డులు పెట్టింది. ఇంత చిన్న విషయానికి బోర్డెందుకని అడగవచ్చు. చెప్పకుండానే తెలిసే విషయమైతే ఎవరూ డబ్బు పెట్టి బోర్డు రాయించరు.

ఇన్ని నియమాల మధ్య అన్నిటికంటే పెద్దదాన్ని మాత్రం ఎవరూ రాసి పెట్టలేదు. పాత్రల మీద హక్కు రచయితలదీ ప్రచురణకర్తలదీ. అభిమానుల పుస్తకాల్లో చాలావరకు అరువు పాత్రలే. జపాన్‌లో కాపీరైట్ ఉల్లంఘనపై సాధారణంగా హక్కుదారు ఫిర్యాదు చేస్తేనే కేసు నడుస్తుంది. 2018 డిసెంబరు 30న అమల్లోకి వచ్చిన సవరణ కొన్ని నేరాలకు ఫిర్యాదు అక్కర్లేదంది, కానీ ఉన్నదున్నట్టు నకలు కొట్టి అమ్మే పైరసీకే పరిమితమైంది. దోజిన్‌షీ బయటపడింది. ప్రచురణకర్తలు కూడా చూసీచూడనట్టు ఊరుకుంటారు. ఇప్పుడు బొమ్మల కథల్లో పేరు మోసిన క్లాంప్ బృందం దోజిన్‌షీలు వేసుకుంటూ వచ్చిందేనని వారికి తెలుసు.

అయినా ఒకసారి ఆశ పుట్టింది. ‘డీమన్ స్లేయర్’ అనే జపాన్ బొమ్మల కథలో కథానాయకుడు వేసుకునే ఆకుపచ్చ, నలుపు గళ్ళ పైవస్త్రం మీది నమూనాకు ట్రేడ్‌మార్క్ కావాలని ప్రచురణ సంస్థ షూయేషా 2020లో దరఖాస్తు పెట్టుకుంది. జపాన్ పేటెంట్ కార్యాలయం 2021లో తిరస్కరించింది. గళ్ళు ఎవరి సొత్తూ కావని తేల్చడానికి ఏడాది పైగా పట్టింది.

ఆ కథ మనదాకా వచ్చేసింది. 2025 సెప్టెంబరు 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ సినిమా తెలుగు మాటలతో కూడా విడుదలైంది. అంతకు చాలా ముందే, 2011లో ఢిల్లీలో మొదలైన కామిక్ కాన్ ఇండియా 2013లో హైదరాబాదుకు చేరింది. అక్కడి కాస్‌ప్లే పోటీలో యానిమే, మాంగాలకు (మాంగా అంటే జపాన్ బొమ్మల కథలు) ప్రత్యేక విభాగమే ఉంది. కామికెట్‌కూ దీనికీ తేడా పుట్టుకలోనే ఉంది. ఇది ఒక కంపెనీ నడిపేది. టికెట్ కొన్నవారు న్యాయంగా కస్టమర్లే.

కంపెనీ నియమాలు అచ్చు వేయగలదు, ద్వారం దగ్గర సంచులు వెతికించగలదు. అడిగి ఫొటో తీసే మర్యాదనూ, ఊడిన కవచానికి జిగురిచ్చే చేతినీ టికెట్ ధరలో కలపలేదు. అవి వచ్చేవారు తమతో తెచ్చుకోవాల్సినవి. తెచ్చుకునేవారు ఎక్కువగా ఉన్నచోట పదహారేళ్ళ పిల్ల నీలిజుట్టుతో నిర్భయంగా తిరుగుతుంది. తక్కువగా ఉన్నచోట బోర్డులు పెరుగుతాయి.

కాబట్టి ఇలాంటి సమావేశానికి పిల్లల్ని పంపే పెద్దలు ముందుగా దాని నియమావళి చదవడం మంచిది. పేజీల కొద్దీ ఉందని కంగారు పడనక్కర్లేదు, నిర్వాహకులకు అనుభవం ఉందని అర్థం. అది మరీ పొట్టిగా ఉంటే ఆ సమావేశం కొత్తదైనా అయి ఉండాలి, జరిగినవాటి నుంచి ఏమీ నేర్చుకోనిదైనా అయి ఉండాలి. రెండింట్లో ఏదైనా, ముందు వరుసలో కూర్చోకపోవడమే క్షేమం.