ఓడెక్కి అత్తవారింటికి...
పెట్టెల అడుగున దొరుకుతున్న యుద్ధకాలపు పెళ్లికూతుళ్ల కాగితాలు

పెళ్లయిన ఆడపిల్ల కాపురానికి వెళ్లాలంటే మన పల్లెల్లో సారె పెట్టి బండి ఎక్కిస్తే సరిపోయేది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంగ్లండులో వేలాది ఆడపిల్లలకు మాత్రం అత్తవారిల్లు మహాసముద్రానికి ఆవలి ఒడ్డున ఉంది. అక్కడికి చేరాలంటే పాస్‌పోర్టు, ఓడ టిక్కెట్టు, వైద్య పరీక్ష కావలసి వచ్చాయి. ఆనాటి ఆ కాగితాలను ఓపికగా వెదకి సేకరించేవారు నేడు బ్రిటన్, అమెరికా, కెనడా దేశాలలో ఉన్నారు.

ఎవరీ పెళ్లికూతుళ్లు?

యుద్ధకాలంలో అమెరికా, కెనడా సైనికులు లక్షల సంఖ్యలో బ్రిటన్‌లో మకాం వేశారు. వారిలో ఎందరో అక్కడి యువతులను పెళ్లాడారు. 1945లో యుద్ధం ముగియడంతో సైనికులు ఇళ్లకు తరలిపోయారు. భార్యలు మాత్రం, చాలామంది చంటిబిడ్డలతో, ఓడలో చోటు కోసం నెలల తరబడి ఎదురుచూశారు. వీరికే 'వార్ బ్రైడ్స్' అని పేరు వచ్చింది.

అమెరికన్‌ను పెళ్లాడినంత మాత్రాన అమెరికా పౌరసత్వం రాదు. అందుకని వీరి రాకను సులభం చేస్తూ అమెరికా 1945 డిసెంబరు 28న ప్రత్యేక చట్టం చేసింది. 1946 జనవరి 26న సౌథాంప్టన్ రేవులో బయలుదేరిన 'అర్జెంటీనా' ఓడ 450 మందికి పైగా భార్యలను, వారి పిల్లలను ఫిబ్రవరి 4న న్యూయార్క్ చేర్చింది. అదే నెల 10న 'మారిటేనియా' ఓడ కెనడాలోని హాలిఫాక్స్ రేవుకు వచ్చింది. కెనడా ప్రభుత్వం మొత్తం మీద సుమారు 43 వేల మంది భార్యలను, 21 వేల మంది పిల్లలను తన ఖర్చుతోనే తీసుకువచ్చింది. ఆ ఖర్చు రావడానికి మాత్రమే. మళ్లీ పుట్టింటి ముఖం చూడాలంటే కిరాయి సొంతంగా కూడగట్టుకోవాలి.

కాగితం చెప్పే కథ

పాస్‌పోర్టులో పెళ్లికూతురి ఫొటో ఉంటుంది. చంకన బిడ్డ ఉంటే ఆ పేరు కూడా తల్లి పాస్‌పోర్టులోనే రాసేవారు. దిగిన రేవు ముద్ర, తేదీ చూస్తే ప్రయాణం ఎప్పుడు జరిగిందో తెలుస్తుంది. కొన్నింటిలో ఆ ఒక్క ప్రయాణం ముద్రలే ఉంటాయి. మిగతా పుటలు ఖాళీ. ఆ ఖాళీ పుటలు కూడా చదవదగినవే.

పాస్‌పోర్టుతో పాటు ఓడ టిక్కెట్టు, సామానుకు కట్టిన చీటీ, ఓడలో ఇచ్చిన భోజన పట్టిక, కొత్తకోడళ్ల కోసం కెనడా ప్రభుత్వం 1944లో అచ్చువేసిన స్వాగత పుస్తకం వంటివి కూడా సేకరిస్తారు.

విడదీస్తే విలువ పోతుంది

ఇంటి పెద్దావిడ కన్నుమూశాక సామాను అమ్మేటప్పుడు పాస్‌పోర్టు ఒకరి చేతికి, ఉత్తరాలు మరొకరి చేతికి పోతాయి. అప్పుడు కథ తెగిపోతుంది. అందుకే తెలిసిన సేకర్త కట్టను విప్పడు. అది ఏ ఊరి నుంచి, ఎవరి ద్వారా వచ్చిందో రాసి పెట్టుకుంటాడు. చిరిగిన చోట అంటుకునే టేపు వేయడు, ప్లాస్టిక్ అతికించడు. ఇనుప గుండుసూదులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి కనుక తీసేస్తాడు. ఎండ, తేమ తగలనివ్వడు.

పౌరసత్వం చిక్కు

ఇదంతా కేవలం సరదా కాదు. కెనడా మొదటి పౌరసత్వ చట్టం 1947 జనవరి 1న అమలులోకి వచ్చింది. ఈ తల్లుల వెంట పసివయసులో వచ్చి, అక్కడే పెరిగి పెద్దవారైన పిల్లల్లో కొందరు, చట్టం ప్రకారం తాము పౌరులు కారని అరవై ఏళ్లు దాటాక తెలిసి నివ్వెరపోయారు. 2009లోను, 2015లోను చట్టాన్ని సవరించి ఇలాంటివారిలో చాలామందికి పౌరసత్వం ఇచ్చారు. అమ్మ ఏనాడు, ఏ ఓడలో, ఏ రేవులో దిగిందో చూపే కాగితం అలాంటి సమయంలో ఎంత అక్కరకు వస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఓడలు ఆగిన హాలిఫాక్స్‌లోని 21వ నంబరు రేవు కట్టడం నేడు జాతీయ మ్యూజియం. కుటుంబాలు తెచ్చిచ్చిన పత్రాలు, ఫొటోలు అక్కడ భద్రంగా ఉన్నాయి.

మన కోస్తా జిల్లాల నుంచి కూడా ఒకప్పుడు వేలమంది రంగూన్ ఓడలెక్కారు. వారి ఇళ్లలో పాత ట్రంకుపెట్టె ఉంటే, చెదలు పట్టకముందే ఒకసారి తెరిచి చూడడం మంచిది. ఇంటిలో పెద్దవారు ఉండగానే ఏ కాగితం ఎవరిదో అడిగి రాసుకోవడం ఇంకా మంచిది.