వీడియో కాల్‌లో చార్జింగ్ ఎందుకు తొందరగా అయిపోద్ది?

సింధనూరు చుట్టుపక్కల క్యాంపుల్లో సాయంత్రమైతే ఏ ఇంట్లో చూసినా వీడియో కాలే. పిల్లలు బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉంటారు, పెద్దవాళ్లం ఇక్కడ. మాట్లాడుతుండగానే ఫోను వేడెక్కుద్ది, చార్జింగ్ అయిపోద్ది. కరెంటు లేని పూటయితే ఇక అంతే. ఫోను పాడైందనుకుని కొత్తది కొనేముందు లోపల జరిగే పని తెలుసుకుంటే మంచిది.

వీడియో అంటే సెకనుకు 30 దాకా బొమ్మలు. హెచ్‌డీ బొమ్మ ఒక్కదాంట్లో 9,21,600 చుక్కలుంటాయి. అంటే సెకనుకు 2 కోట్ల 76 లక్షలు. అన్నీ ఉన్నవి ఉన్నట్టు పంపడం కుదరదు. అందుకే ఫోను వాటిని కుదించి పంపుద్ది.

నేతపని తెలిసినవాళ్లకి ఇది తేలిక. చీర ఒళ్లంతా సాదా అయితే జకార్డు అట్టలతో పనిలేదు, బుటా వచ్చే చోటే అట్ట కావాలి. ఫోను కూడా అంతే. కదలని గోడని మళ్లీ మళ్లీ పంపదు, కదిలిన మొహాన్నీ చేతినీ పంపుద్ది. బొమ్మని చిన్న గడులుగా విడగొట్టి తక్కువ అంకెల్లోకి తెచ్చే లెక్కని 1974లో అచ్చువేసినవాళ్లు ముగ్గురు: బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు.

ఏ గడి ఎటు జరిగిందో వెతకడానికే బ్యాటరీ ఎక్కువ కావాలి. సినిమా చూసేటప్పుడు ఫోనుకి ఈ వెతుకులాట ఉండదు. ఇంకో చిక్కుంది. బాగా కుదిస్తే పంపే ఖర్చు తగ్గుద్ది, కుదించే ఖర్చు పెరుగుద్ది. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతి కన్నా 2013లో వచ్చిన హెచ్.265కి సుమారు సగం డేటా చాలు, కానీ లెక్క చాలా ఎక్కువ. అందుకని ఈ పని ఒక్కదానికే చిప్పులో విడిగా సర్క్యూట్ పెడతారు. అది లేని ఫోనులో భారమంతా ప్రాసెసర్ మీదే పడుద్ది.

మన చేతిలో ఉన్నవి ఇవి:

ఫోను చేత్తో ఊపకుండా డబ్బాకో గోడకో ఆనించండి. ఊగితే బొమ్మంతా కదిలినట్టే లెక్క.

వెనకాల సాదా గోడ ఉండేట్టు, మొహం మీద వెలుతురు పడేట్టు కూర్చోండి. చీకట్లో బొమ్మ గరుకుగా వచ్చి కుదించడం కష్టమవుద్ది.

సిగ్నల్ బాగున్న చోట మాట్లాడండి. టవరు సరిగా అందకపోతే ఫోను గట్టిగా పంపాల్సొస్తది.

వాట్సాప్ సెట్టింగుల్లో కాల్స్‌కి తక్కువ డేటా వాడే వీలుంది, అది పెట్టుకోండి. స్క్రీను వెలుగు తగ్గించండి.

కరెంటు పోయిన రోజు మాత్రం మనవడి మొహం ఒక్క నిమిషం చూసుకుని కెమెరా ఆపేయండి. మిగతాది మాటల్లో చెప్పుకోవచ్చు. రాత్రి ఏదన్నా అవసరమొస్తే ఫోను బతికుండాలి కదా.