కనికట్టులోని కీలకము

ఇంద్రజాల ప్రదర్శనమును రేడియోలో ప్రసారము చేయుట సాధ్యమా అని శ్రోతలు అడుగుట సహజము. చూడవలసిన విద్యను వినిపించుట యెట్లు? ఖాళీ టోపీలోనుండి కుందేలు వెలువడినదని మేము చెప్పినచో మీరు మా మాట నమ్మవలసినదే కాని, అందులో వింత యేమియు నుండదు. అయినను ఈ విద్యను గూర్చి రేడియో పత్రికలో ముచ్చటించుటకు ఒక కారణమున్నది. కన్నును మోసగించు విద్య వలెనే చెవిని మోసగించు విద్యయు ఒకటి కలదు. ఆ రెండవ విద్యలో దేశమంతయు మెచ్చిన కళాకారుడు మన వరంగల్లున పుట్టినవాడు. రెండు విద్యల కీలకమును ఒక్కటే. ఆ కీలకమేదో తెలిసికొనుట వినోదమునకే కాక మన క్షేమమునకును అవసరము.

ఇంద్రజాలమని, గారడీ యని, కనికట్టు అని మన భాషలో ఈ విద్యకు పలు పేర్లు కలవు. వీనిలో కనికట్టు అను మాట విషయమును ఉన్నదున్నట్లు చెప్పుచున్నది. గారడీవాడు వస్తువును మార్చడు. చూచువాని చూపును కట్టివేయును. ఈ సంగతి మన పూర్వులకు బాగుగ తెలియును. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యములో ఒక గారడీవానిని ఉదాహరణముగ చూపిరి. కత్తియు డాలును ధరించి త్రాటిపై ఆకాశమున కెక్కుచున్నట్లు కనిపించు మాయావి వేరు, నేలమీద నిలిచియున్న అసలు మాయావి వేరు అని అందలి తాత్పర్యము. ఆ ఉదాహరణము చదువరులకు బోధపడవలెనన్న, అట్టి గారడీని గూర్చి జనులు అప్పటికే వినియుండవలెను గదా!

పదునైదవ శతాబ్దమున కొరవి గోపరాజు రచించిన సింహాసన ద్వాత్రింశికలో ఇట్టి కథయే కలదు. కొరవి యను పేరుగల ఊరు పూర్వము వరంగల్లు జిల్లాలోను, నేడు మహబూబాబాదు జిల్లాలోను ఉన్నది. కథలో ఒక వీరుడు విక్రమార్కుని సభకు వచ్చి, దేవాసుర యుద్ధమున దేవతలకు తోడ్పడ బోవుచున్నానని చెప్పి, భార్యను రాజు రక్షణలో నుంచి ఆకాశమున కెగయును. కొంతసేపటికి అతని అవయవములు ఒక్కొక్కటిగ నేల రాలును. భార్య అగ్నిప్రవేశము చేయును. సభ దుఃఖములో మునిగియుండగా ఆ వీరుడు తిరిగివచ్చి, నా భార్య యేదీ యని యడుగును. రాజు దిక్కుతోచక తలవంచుకొనును. అప్పుడు ఇదంతయు ఇంద్రజాలమే యని తేలును. మాయను చూపినవాడే మాయ యని చెప్పుట ఇందలి ముఖ్య విషయము. దీనిని శ్రోతలు గుర్తుంచుకొందురు గాక.

త్రాటి గారడీ కథ అంతటితో ముగియలేదు. 1890 ఆగస్టు 8వ తేదీన అమెరికాలోని చికాగో ట్రిబ్యూన్ పత్రిక ఒక వింత వార్తను ప్రకటించెను. భారతదేశమున ఒక ఫకీరు తాడును గాలిలో నిలువుగా నిలిపెననియు, దానిపై నొక బాలుడు ఎక్కి మాయమయ్యెననియు, ఛాయాచిత్రములో మాత్రము తాడు గాని బాలుడు గాని కనబడలేదనియు ఆ వార్త సారాంశము. నాలుగు నెలల తరువాత అది కల్పితమని ఆ పత్రికయే ఒప్పుకొన్నది. కాని ఒప్పుకోలు కంటె వార్త ముందు నడచినది. తాము కన్నులార చూచితిమని చెప్పువారు పెక్కురు బయలుదేరిరి. 1934లో లండనులోని మ్యాజిక్ సర్కిల్ అను సంఘము ఆ విద్యను ఆరుబయట చేసి చూపినవారికి 500 గినీల బహుమతి నిచ్చెదమని చాటెను. ఆ బహుమతిని గెలుచుకొన్నవారు లేరు. గారడీలలో కెల్ల పేరుపడిన గారడీని చూచినవారి మాటలే కాని, చేసి చూపినవారు లేకుండుట గమనింపదగినది.

చేసి చూపినవారు మన ప్రాంతమున లేకపోలేదు. బ్రాహ్మణ సభలలో తమ విద్యను ప్రదర్శించిన విప్రవినోదుల పేరు విజయనగర కాలపు శాసనములలో కనిపించును. తెలంగాణలో పద్మశాలీలను ఆశ్రయించి జీవించిన సాధనాశూరులు కలరు. సాధనచే శూరులైనవారని వారి పేరే చెప్పుచున్నది. కనికట్టును దేహసాధనతో జోడించి, నేతపనివారి వాడలలో ప్రదర్శనము లిచ్చి, తరతరములుగ వచ్చుచున్న కట్నమును స్వీకరించుట వారి వృత్తి. కొత్తవాడ మొదలగు నేతవాడలు గల వరంగల్లునకు ఇట్టి కళలు కొత్తవి కావు. ఇక సంతలలో చిప్పల క్రింద గోళీలను మార్చు గారడీవాని నెరుగనివా రెవరు?

ఆ గారడీవాడు చేయు పని యేమి? అతడు కుడిచేతితో డమరుకమును పైకెత్తి మ్రోగించును. మన చూపు అటు పోవును. ఆ క్షణమున ఎడమచేయి తన పని ముగించుకొనును. పెద్ద కదలిక చిన్న కదలికను కప్పివేయును. అతడు హాస్యమాడినప్పుడు మనము నవ్వుదుము. నవ్వునప్పుడు మన జాగ్రత్త సడలును. అతని మాటలు కాలక్షేపమునకు చెప్పునవి కావు. అవి అతని పనిముట్లు.

1900 సంవత్సరమున నార్మన్ ట్రిప్లెట్ అను అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు దీనిని పిల్లలపై పరీక్షించెను. అతడు ఒక బంతిని పైకెగురవేసి పట్టుకొనెను. మరల అట్లే చేసెను. తరువాత బంతిని రహస్యముగ దాచి, ఎగురవేసినట్లు చేయి మాత్రము ఊపెను. బంతి పైకి పోయి గాలిలో మాయమైనదని దాదాపు సగము మంది పిల్లలు చెప్పిరి. పోని బంతిని వారు చూచిరి! కన్ను చూచినది కొంత, మనస్సు పూరించినది కొంత. ఈ పూరణమే కనికట్టులోని కీలకము.

పేరుపొందిన ఇంద్రజాలికు లందరును ఈ కీలకము నెరిగినవారే. ఫ్రాన్సు దేశస్థుడైన రాబర్ట్ హూడిన్ 1856లో అల్జీరియాలో ఒక చిన్న పెట్టెను ప్రదర్శించెను. మొదట సులభముగ లేచిన ఆ పెట్టెను, తరువాత బలశాలియైన పురుషుడు కూడ కదలింపలేకపోయెను. వేదిక క్రింద విద్యుదయస్కాంతము కలదు. అయస్కాంతమును గూర్చి యెరుగని ప్రేక్షకులు, పెట్టె బరువు మారలేదని, మనుష్యుని బలమే హరించినదని తలచిరి. ఈ రహస్యమును హూడినే తన స్వీయచరిత్రలో వెల్లడించెను. అతని పేరునుండి తన రంగస్థల నామమును కల్పించుకొన్న హారీ హూడిని (1874–1926) సంకెళ్ళనుండియు, తాళము వేసిన నీటితొట్టినుండియు బయటపడి ప్రపంచమును ముగ్ధము చేసెను.

మన దేశమున పి. సి. సర్కార్ (1913–1971) పేరు వినని ఇల్లు ఒకప్పుడు అరుదు. ఆయన ప్రదర్శనమునకు ఇంద్రజాల్ అని పేరు. ఎన్నిమారులు వంపినను మరల నీరు వచ్చు చెంబు ఆయన ప్రసిద్ధ ప్రదర్శనములలో నొకటి. 1956 ఏప్రిల్ 9వ తేదీన లండనులో బి.బి.సి. టెలివిజన్ ఎదుట ఆయన ఒక బాలికను రంపముతో రెండుగా కోసినట్లు చూపెను. తరువాత ఆమెను లేపబోగా ఆమె కదలలేదు. ఇంతలో కార్యక్రమము ముగిసినదని వ్యాఖ్యాత ప్రకటించెను. బాలిక మరణించినదని భయపడిన ప్రేక్షకుల పిలుపులతో ఆ కార్యాలయపు టెలిఫోనులు స్తంభించెను. బాలిక క్షేమముగనే యున్నది. ఆమె లేచుట చూపి యుండినచో అది మరునాటికి మరువబడెడి గారడీ. చూపకపోవుటచే నేటికిని చెప్పుకొను కథ యైనది. తక్కినది ప్రేక్షకుల మనస్సే పూరించెను. మన తెలుగు వేదికలపై బి. వి. పట్టాభిరామ్ ఇంద్రజాలము నుండి హిప్నాటిజము, మనస్తత్త్వ శాస్త్రముల వైపు సాగి, వ్యక్తిత్వ వికాసమును గూర్చి పెక్కు గ్రంథములు రచించి 2025లో కన్నుమూసిరి. ఇంద్రజాలమునకును మనస్తత్త్వ శాస్త్రమునకును గల చుట్టరికము వారి జీవితముననే కనబడుచున్నది.

ఇప్పుడు చెవి సంగతికి వత్తము. రేడియో నాటకములలో పలుచని రేకును ఊపినచో ఉరుము. రెండు కొబ్బరిచిప్పలను బల్లపై తట్టినచో గుర్రపు డెక్కల చప్పుడు. మేము చేయునది ఇంతయే. ధూళి లేచిన బాటను, రౌతును, అతని తొందరను మీరే చూచుకొందురు. ట్రిప్లెట్ పిల్లలు లేని బంతిని చూచినట్లే, మీరు మీ ఇంట కూర్చుండి లేని గుర్రమును చూతురు.

ఈ విద్యను ఒంటిచేత, కేవలము కంఠముతో సాధించినవారు నేరెళ్ళ వేణుమాధవ్ గారు. వారు 1932 డిసెంబరు 28వ తేదీన వరంగల్లులో జన్మించిరి. రాజకీయ నాయకుల గొంతులను, నటుల సంభాషణలను, పశుపక్ష్యాదుల కూతలను అనుకరించుట అటుంచి, ఆంగ్ల చలనచిత్రములలోని ఘట్టములను నేపథ్య ధ్వనులతో సహా ఒక్క మైకు ముందు వినిపించిరి. 1971లో ఐక్యరాజ్య సమితిలో ప్రదర్శన మిచ్చిరి. 1972 నుండి 1978 వరకు శాసనమండలి సభ్యులుగ నుండిరి. 2001లో పద్మశ్రీ పురస్కారము నందిరి. ధ్వన్యనుకరణమును పాఠ్యవిషయముగ తెలుగు విశ్వవిద్యాలయమున బోధించిరి. 2018 జూన్ 19వ తేదీన వరంగల్లులోనే పరమపదించిరి. హనుమకొండ పబ్లిక్ గార్డెన్సులోని కళాప్రాంగణము వారి పేరు ధరించి యున్నది.

ధ్వన్యనుకరణమున గొంతు ఒక్కటియే చాలదు. అనుకరింపబడు వ్యక్తి ఊపిరి ఎక్కడ తీయునో, ఏ మాటను సాగదీయునో, ఏ మాటకు ముందు ఒక్క క్షణ మాగునో కళాకారుడు పట్టుకొనవలెను. ఆ నాలుగు గుర్తులు చెవిని పడగానే మిగిలిన మనిషిని మన జ్ఞాపకమే నిలబెట్టును. వేదికపై నున్నది వేణుమాధవ్ గారని సభలో అందరికిని తెలియును. తెలిసియు మోసపోవుటలోనే ఆనందము కలదు.

ఈ తెలియుట యనునదియే కళకును వంచనకును నడుమ నున్న గీటు. ఇంద్రజాలికుడు మిమ్ము మోసగించెదనని ముందే చెప్పి, చెప్పినట్లు చేయును. వంచకుడు అదే పనిని చేసి, దానిని శక్తి యనును. హూడిని తన జీవితపు తుది సంవత్సరములలో, చనిపోయినవారితో మాట్లాడింతుమని ధనము గుంజువారి గుట్టు బయటపెట్టుటకు పూనుకొనెను. వారి మోసము నితరులకంటె ముందు పసిగట్టగలవాడు ఆ విద్య నెరిగినవాడే గదా!

మన ప్రాంతమున ఈ గీటు చెరిగినప్పుడు ప్రాణములు పోయినవి. బాణామతి చేసినారను అనుమానముతో తెలంగాణ పల్లెలలో నిరపరాధులను కొట్టుటయు, పండ్లు ఊడబెరుకుటయు, చంపుటయు జరిగినవి. ఇవి ఏనాటివో మాటలు కావు. ఈ శతాబ్దమునను జరిగినవే. ఆసుపత్రికి చేరవలసిన రోగి మంత్రగాని వాకిట కాలము పోగొట్టుకొనుటయు కలదు. ఆ మంత్రగాడు చూపు మహిమ యేమి? నీరు చల్లగానే తెల్లబట్టపై నెత్తురు మరకలు పుట్టుట, కోసిన నిమ్మకాయ నుండి ఎర్రని రసము కారుట. పసుపులో సున్నము కలిపి పారాణి చేయుట మన గృహిణులు ఎరుగనిది కాదు. మరకలకు ఆ పసుపుసున్నములే చాలును: పసుపు పూసి ఆరవేసిన బట్టపై సున్నపు తేట పడిన చోటెల్ల ఎర్రనగును. నిమ్మకాయను కోయు కత్తికి ముందుగా మందారపు రసము పూసియుంచినచో, పులుపు తగిలి రసము ఎర్రబారును. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు ఇట్టి వింతలను పల్లెలలో చేసి చూపి, వెంటనే రహస్యమును విప్పి చెప్పుచు వచ్చిరి. చూచిన బాలుడు ఇంటికి పోయి తానును చేయును. తాను చేయగలిగిన దానికి ఎవడును భయపడడు.

చెవిని మోసగించుటయు నేడు వంచకుల చేత బడినది. మనిషి గొంతును యంత్రము అనుకరించు కాలము వచ్చినది. ఆపదలో నున్నాను, వెంటనే డబ్బు పంపుమని కొడుకు గొంతుతోనో, చెల్లెలి గొంతుతోనో టెలిఫోను రావచ్చును. గొంతు సరిగనే యుండును. తొందర యొక్కటి మాత్రము గారడీవాని డమరుకము వలె మన దృష్టిని మరలించును. అట్టి వేళ చేయవలసినది కష్టమైన పని కాదు: ఆ పిలుపును ముగించి, మనవద్దనున్న పాత నంబరునకు మనమే పిలిచి మాట్లాడుట.

కనుక శ్రోతలారా, గారడీ కనబడినచోట నిలిచి చూడుడు. మీ పిల్లలకును చూపుడు. వింతను చూచి ఆశ్చర్యపడుట అజ్ఞానము కాదు. చూపినవాడు ఇది గారడీ యని చెప్పెనా లేదా యని మాత్రము విచారింపుడు. చెప్పినచో చప్పట్లు కొట్టి, చేతనైనంత ఇచ్చి పంపుడు. చెప్పనిచో డబ్బు సంచిని గట్టిగ పట్టుకొనుడు. పొరుగువానిపై వాడు నింద మోపినచో ఆ పొరుగువాని పక్షమున నిలువుడు.