కాటేజీకి తాళం వేసేముందు నీళ్లు దించేయండి

కెనడాలోని మస్కోకా, హాలిబర్టన్ వైపు కాటేజీ ఉన్న మనవాళ్లు చాలామందికి అక్టోబరు రెండో సోమవారం, అంటే థాంక్స్‌గివింగ్, ఆ ఏటికి ఆఖరి విడిది. పైపుల్లో నీళ్లు దించేయాల్సిందీ అప్పుడే. ‘హీటరు సన్నగా పెట్టి వచ్చేస్తే చాలదా?’ అంటారు. చాలు, కరెంటు ఉన్నంతవరకు! 1998 జనవరిలో ఐస్ స్టార్మ్ వచ్చినప్పుడు తూర్పు ఒంటారియో, క్యూబెక్‌లలో కొన్నిచోట్ల వారాల తరబడి కరెంటు లేదు. నా మటుకు నాకు హీటరు మీద నమ్మకం లేదు.

నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. అయితే పైపు చాలాసార్లు గడ్డకట్టిన చోట పగలదు. లోపల మంచు బిరడాలా పెరుగుతూ, తనకూ మూసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటిని నొక్కుతుంది. పోయే దారి లేని ఆ నీరు బలం తక్కువైన అతుకు దగ్గర చీల్చుకుంటుంది. వసంతంలో మోటారు వేసినప్పుడు గానీ ఆ సంగతి బయటపడదు.

ముందు గీజరు బ్రేకరు ఆపాలి. నీళ్లు లేని ట్యాంకులో ఎలిమెంటు వేడెక్కితే మాడిపోతుంది. తర్వాత మోటారు ఆపి, ప్రెషర్ ట్యాంకు, గీజరు ఖాళీ చేసి, వేడి, చన్నీళ్ల కుళాయిలన్నీ తెరిచిపెట్టాలి. సరస్సులోంచి నీరు తోడే పైపు మొదట్లోని వాల్వు నీటిని వెనక్కి పోనివ్వదు కాబట్టి, ఆ పైపును విడిగా ఖాళీ చేయాలి. పైపులు వాలుగా లేకపోతే కంప్రెసరుతో, తక్కువ ఒత్తిడి మీద, గాలి కొట్టించాలి. షవరు గొట్టం, డిష్‌వాషరు, వాషింగ్ మెషీను పంపు, వీటినే ఎక్కువమంది మరిచిపోతారు.

సింకు కింద వంపులోని నీరు మాత్రం దానంతటది పోదు. అది మురుగువాసన పైకి రాకుండా ఆపే నీరు. అందుకని అక్కడా, కమోడులోనూ గులాబీరంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ పోస్తారు. అది ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసినదై ఉండాలి. కార్లలో వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం, దాని జోలికి పోవద్దు. డబ్బా మీద మైనస్ 45 అని ఉన్నా, అంతకంటే ముందే అది గుజ్జులా మారుతుంది. కంగారు లేదు, ఆ అంకె పైపు పగలకుండా కాపాడే హద్దు. కాకపోతే మిగిలిన నీటితో కలిసి పలచబడితే ఆ హామీ ఉండదు; ముందు కమోడులో నీళ్లు స్పాంజితో తోడేసి, ఆపైన పోయండి.

మేలో విక్టోరియా డేకి తిరిగి వెళ్లినప్పుడు నీళ్లు మెల్లగా ఎక్కించి, ప్రతి అతుకూ తడిమి చూడండి. గీజరు నిండి, వేడినీళ్ల కుళాయిలోంచి గాలి లేకుండా ధార వచ్చాకే దాని బ్రేకరు వేయండి.