తాతయ్య మాట ఎక్కడికి పోయింది?

కాకినాడ పెద్దాసుపత్రిలో తాతయ్య పెదాలు కదుపుతున్నారు, శబ్దం రావట్లేదు. గొంతు కింద గొట్టం. "మాట పడిపోయిందేంట్రా?" అని అమ్మమ్మ ఒకటే ఏడుపు.

పడిపోలేదు, గాలి దారి మారిందంతే. ముక్కులోంచి వచ్చే గాలి స్వరపేటిక దాటి శ్వాసనాళంలోకి దిగుతుంది. ఈ నాళం సుమారు 10–12 సెంటీమీటర్లు. 'సి' ఆకారంలో 16 నుంచి 20 మృదులాస్థి ఉంగరాలు దాన్ని ముడుచుకుపోకుండా పట్టుకుంటాయి. ఎక్కువ రోజులు వెంటిలేటర్ కావాల్సినా, పైదారి మూసుకుపోయినా, సాధారణంగా రెండో మూడో ఉంగరం దగ్గర రంధ్రం చేసి గొట్టం పెడతారు. అదే ట్రకియాస్టమీ. మన భాషలో బైపాస్ లైను! స్వరతంత్రులేమో దానికి పైన ఉన్నాయి. ఊపిరి కిందనుంచే బయటికి పోతుంటే అవి కంపించేదెలా?

ముక్కు చేసే పనీ తప్పిపోతుంది. గాలిని వెచ్చబెట్టేవాళ్లు, తడిపేవాళ్లు లేక కఫం గట్టిపడి గొట్టానికి అడ్డుపడొచ్చు. అందుకే తేమ అందిస్తారు, సక్షన్ చేస్తారు. ఆ చప్పుడు మాత్రం నేను వినలేకపోయేవాణ్ణి.

వెంటిలేటర్ తీసేశాక ఒకరోజు డాక్టరుగారు గొట్టం చుట్టూ ఉండే బుడగలో గాలి తీసి, గ్లవుజు వేలితో గొట్టం మూతిని క్షణంసేపు మూశారు. గాలి పైకి తిరిగింది.

"ఏమే, అన్నం తిన్నావా?" అన్నారు తాతయ్య, బొంగురుగా.