పాత ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ: నిర్మాణం, నడక

7.1 పరిచయం

19వ శతాబ్దం మధ్యలో ధవళేశ్వరం, విజయవాడ ఆనకట్టలు కట్టిన తరువాత గోదావరి కాలువలూ కృష్ణా కాలువలూ ఏలూరు దగ్గర కలిశాయి. చాలాకాలం పాటు ధాన్యం, కలప, మనుషులు ఈ కాలువల మీద పడవల్లోనే ప్రయాణించారు. నైరుతి గాలి వీచే రోజుల్లో ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వైపు వెళ్లే పడవకు తెరచాప ఎత్తితే చాలు, గాలే తోసుకుపోయేది. తిరుగు ప్రయాణంలో తెరచాప దించాలి. ఒకరు చుక్కాని పట్టుకుంటే, మిగిలినవారు గట్టు వెంట నడుస్తూ తాడుతో పడవను లాగాలి. గాలి అదే, తెరచాపా అదే. ఒక దిక్కుకు పనికివచ్చినది రెండో దిక్కుకు ఎందుకు పనికిరాలేదు?

దీనికి జవాబు పడవ అడుగున ఉంది. ఈ యూనిట్‌లో ఒక పాత ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవను ఉదాహరణగా తీసుకొని, పడవ అడుగు ఆకారం దాని నిలకడను, వేగాన్ని, నడకను ఎలా నిర్ణయిస్తుందో తెలుసుకొంటారు. ఆ పడవ పేరు వెస్టర్లీ సెంటార్. 1969 నుంచి 1980 వరకు ఇంగ్లండులో 2,400కు పైగా తయారయ్యాయి. తీరం వెంబడి నాలుగు రోజులు ప్రయాణించే కుటుంబాల కోసం చేసిన పడవ ఇది. పోటు దిగినప్పుడు నీరు పోయి బురద మిగిలే రేవులను దృష్టిలో ఉంచుకొని దీన్ని రూపొందించారు. కొల్లేరు, ఉప్పుటేరు ప్రాంతం తెలిసినవారికి ఆ ఇబ్బంది కొత్తగా చెప్పనక్కరలేదు.

7.2 నిలకడ: తాటిదోనె నుంచి సెంటార్ వరకు

కొల్లేటి లంక గ్రామాల్లో తరతరాలుగా వాడిన తాటిదోనెను గమనించండి. తాటిమాను పైభాగం గట్టిగా, లోపలి భాగం మెత్తగా ఉంటుంది కాబట్టి నిలువునా చీల్చి లోపలిది తొలిచేస్తే దోనె తయారవుతుంది. గెడ వేస్తే తూటుపొదల మధ్య కూడా దూరిపోతుంది. అయితే ఇది ఇరుకు. దోనెలో లేచి నిలబడితే మనిషి గరిమనాభి పైకి జరుగుతుంది, దోనె ఊగిపోతుంది. అందుకే రెండు దోనెలను పక్కపక్కన పెట్టి కర్రలతో కట్టేస్తారు. వెడల్పు పెరిగితే, ఒక పక్కకు ఒరిగినప్పుడు ఆ పక్క ఎక్కువ నీటిని తోస్తుంది, నీరు ఆ పక్కను తిరిగి పైకి తోస్తుంది. దీన్ని ఆకార నిలకడ అంటారు. కాలువ పడవల వెడల్పైన చదును అడుగుకు కూడా ఇదే ఆధారం.

ఆకార నిలకడకు ఒక లోపం ఉంది. మొదట పడవ ఎంతో స్థిరంగా ఉన్నట్లనిపిస్తుంది. ఒక హద్దు దాటి ఒరిగాక మాత్రం తిరిగి లేచే శక్తి ఒక్కసారిగా తగ్గిపోతుంది. పడవ పైఅంతస్తులోకి జనం ఎక్కితే ఆ హద్దు ఇంకా దగ్గరకు వస్తుంది. నది మీద విహారపడవల్లో పైకి ఎక్కవద్దని చెప్పడం ఇందుకే.

సెంటార్‌లో దీనికి తోడు బరువు నిలకడ ఉంది. పడవ మొత్తం బరువు సుమారు 3,040 కిలోలు. అందులో 1,270 కిలోలు, అంటే 42 శాతం, అడుగున బిగించిన పోత ఇనుము. దీన్ని కీల్ అంటారు. సెంటార్‌కు ఇలాంటివి రెండు ఉన్నాయి. గాలికి పడవ ఒరిగినకొద్దీ ఈ ఇనుము పక్కకు జరిగి, తూకపు రాయిలాగా పడవను వెనక్కు లాగుతుంది. అందువల్ల ఇలాంటి పడవ మొదట సులువుగా పది పదిహేను డిగ్రీలు ఒరుగుతుంది, ఆపైన గట్టిపడుతుంది. కొత్తగా ఎక్కినవారు ఆ మొదటి ఒరుగుకే భయపడతారు. నిజానికి భయపడవలసినది, అసలు ఒరగకుండా నిలబడి ఉన్నట్టుండి బోల్తాపడే పడవను చూసి.

7.3 వేగానికి హద్దు

సెంటార్ మొత్తం పొడవు 7.9 మీటర్లు. నీటిమట్టం దగ్గర కొలిస్తే 6.5 మీటర్లే. వేగం విషయంలో లెక్కకు వచ్చేది ఈ రెండో కొలత. పడవ కదిలేటప్పుడు ముందు ఒక అల, వెనుక ఒక అల లేస్తాయి. వేగం పెరిగినకొద్దీ ఈ అలల మధ్య దూరం పెరుగుతుంది. ఆ దూరం పడవ పొడవుతో సమానమయ్యాక పడవ తాను పుట్టించిన అల పల్లంలోనే చిక్కుకుంటుంది. ఇంకా వేగంగా పోవాలంటే ముందున్న అలను ఎక్కాలి. మూడు టన్నుల బరువుతో అది సాధ్యం కాదు. ఈ హద్దును సుమారుగా ఇలా లెక్కిస్తారు:

వేగం (సెకనుకు మీటర్లలో) = 1.25 × √(నీటిమట్టం దగ్గర పొడవు, మీటర్లలో)

6.5కు వర్గమూలం 2.55. కాబట్టి వేగం సెకనుకు 3.19 మీటర్లు, అంటే గంటకు సుమారు 11.5 కిలోమీటర్లు. సైకిల్ మీద నింపాదిగా వెళ్లే మనిషి వేగం కన్నా ఎక్కువ కాదు. సెంటార్ తెరచాపల వైశాల్యం సుమారు 27 చదరపు మీటర్లు. బరువుతో పోల్చితే ఇది తక్కువే. కాబట్టి మంద్రమైన గాలిలో ఇది బద్ధకంగా కదులుతుంది. గట్టిగాలిలో మాత్రం పక్క పడవలవారు తెరచాప మడుచుకుంటూ ఉంటే ఇది తన పని తాను చేసుకుపోతుంది. పిల్లలతో ప్రయాణించేవారికి ఇది మంచి బేరమే.

పొడవు పెరిగితే హద్దు పెరుగుతుంది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి 2018 మే 21న తిరిగివచ్చిన భారత నౌకాదళపు తారిణి దాదాపు 17 మీటర్ల పడవ. కొయ్య మీద ఫైబర్‌గ్లాస్ వేసి గోవాలోనే తయారుచేశారు. భూమి చుట్టివచ్చిన ఆ ఆరుగురు మహిళల్లో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య ఉన్నారు. అది మహాసముద్రాల పడవ, సెంటార్ తీరపు పడవ. వేగ సూత్రం మాత్రం రెండింటికీ ఒక్కటే.

7.4 ఎదురుగాలికి నడక

గాలి వెనుకనుంచి వస్తే తెరచాప దాన్ని ఆపుతుంది, పడవ ముందుకు పోతుంది. ఇందులో వింత లేదు. గాలి ముందు మూలనుంచి వస్తే తెరచాప పక్షి రెక్కలాగా పనిచేస్తుంది. దాని వల్ల పుట్టే బలంలో ఎక్కువ భాగం పడవను పక్కకు తోస్తుంది, కొద్ది భాగమే ముందుకు లాగుతుంది. చదును అడుగు పడవకు ఆ పక్కతోపును ఆపేది ఏదీ లేదు. అది ఎండ్రకాయలాగా పక్కకు జారి గట్టుకు కొట్టుకుంటుంది. కీల్ నీటిలో గోడలాగా నిలిచి పక్కకు జారనివ్వదు. తడిసిన చింతగింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే ముందుకు జారిపోతుంది కదా? ఇక్కడ ఒక వేలు గాలి, రెండో వేలు నీరు.

ఎంత మంచి పడవైనా సూటిగా గాలికి ఎదురు పోలేదు. సుమారు 45 డిగ్రీల కోణంలో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వంకరటింకరగా పోవాలి. ఈ లెక్కన 10 కిలోమీటర్ల దూరానికి 14 కిలోమీటర్లు నడవాలి. సెంటార్ కీళ్లు పొట్టివి కాబట్టి పక్కకు కొంత జారుతుంది, దానికి ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. ఇరుకు కాలువలో ఇలా అటూ ఇటూ తిరిగే చోటు ఎలాగూ లేదు. గట్టు మీద తాడు లాగినవారు అజ్ఞానంతో లాగలేదు, ఆ కాలువకు తగిన పద్ధతి అదే.

7.5 పాతబడిన ఫైబర్‌గ్లాస్

గాజుపోగుల పరుపులను పాలియెస్టర్ రెజిన్‌తో తడిపి, అచ్చులో పొరలు పొరలుగా వేస్తే ఫైబర్‌గ్లాస్ గట్టిపడుతుంది. నేడు మన తీరంలో మత్స్యకారులు వాడే ఫైబర్ బోట్లు కూడా ఈ పద్ధతిలోనే తయారవుతాయి. తొలిరోజుల తయారీదారులకు ఈ పదార్థం ఎంతకాలం ఆగుతుందో అనుభవం లేదు. అందుకని చాలామంది కావలసినదానికన్నా మందంగా వేశారు. అప్పటి పడవలు నేటికీ నీటిమీద ఉండడానికి ఆ మందం ఒక కారణం.

ఇది కుళ్లదు, దీనికి చెద పట్టదు. అలాగని నీటిని పూర్తిగా అడ్డుకోదు. పైపూత గుండా నీరు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా లోపలికి ఇంకుతుంది. లోపలి ఖాళీల్లో మిగిలిన రసాయనాలు అందులో కరిగి గాఢమైన ద్రవం తయారవుతుంది. ఆ గాఢత మరింత నీటిని లోపలికి లాగుతుంది. ఇది ద్రవాభిసరణమే. లోపల ఒత్తిడి పెరిగి అడుగున బొబ్బలు లేస్తాయి. బొబ్బను చిదిపితే వెనిగర్ వాసన వస్తుంది. ఉప్పునీటిలో కన్నా మంచినీటిలో, చల్లటి నీటిలో కన్నా గోరువెచ్చటి నీటిలో బొబ్బలు త్వరగా వస్తాయి. కాబట్టి ఈ విషయంలో సముద్రం కన్నా మన చెరువులే ఫైబర్ పడవకు ఎక్కువ కష్టం పెడతాయి.

సెంటార్‌కు మరో బలహీనత ఉంది. పడవ బురదలో రెండు కీళ్ల మీద నిలబడిన ప్రతిసారీ అవి విడిపోవాలని చూస్తాయి. ఏళ్లు గడిచేసరికి కీల్ బిగించినచోట అడుగు వంగి బీటలిస్తుంది. చాలామంది యజమానులు లోపలినుంచి అదనపు పొరలు వేసి బలపరిచారు. పాత సెంటార్ కొనేవారు రంగు, పరుపులు చూసేకన్నా ముందు అక్కడ చూడాలి.

7.6 కొల్లేటిలో నడుస్తుందా?

సెంటార్‌కు కనీసం 91 సెంటీమీటర్ల నీరు కావాలి. 80 సెంటీమీటర్ల నీటిలో దాన్ని తేల్చాలంటే 11 సెంటీమీటర్లు పైకి లేపాలి. నీటిమట్టం దగ్గర పడవ ఆక్రమించే వైశాల్యం సుమారు 11 చదరపు మీటర్లు అనుకుందాం. 0.11 × 11 = 1.21 ఘనపు మీటర్లు, అంటే 1,210 కిలోలు దించాలి. కీళ్ల బరువు 1,270 కిలోలని చదివారు. అంటే కొల్లేటికి తగినంత తేలిక చేయాలంటే, దాన్ని ఎదురుగాలికి నడిపించి, బోల్తాపడకుండా కాపాడే ఇనుమంత బరువు వదులుకోవాలి. వేసవి కొల్లేటికి తాటిదోనే తగినది. ఉప్పుటేరు దాటి సముద్రంలో గాలి లేచినచోట ఆ దోనెలో ఎవరూ ఉండాలనుకోరు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నీటిమట్టం దగ్గర 9 మీటర్ల పొడవున్న పడవ వేగపు హద్దును గంటకు కిలోమీటర్లలో లెక్కించండి.

2. లోతు తక్కువైన నీటిలో అల వేగం √(9.8 × లోతు) సెకనుకు మీటర్లకు మించదు. 1 మీటరు లోతున ఆ విలువ కనుక్కొని, సెంటార్ వేగపు హద్దుతో పోల్చండి. ఆ లోతులో పడవ బరువెక్కినట్లు ఎందుకు అనిపిస్తుందో రెండు వాక్యాల్లో రాయండి.

3. మీ ఊరి దగ్గర వాడే ఒక పడవను పరిశీలించి, దాని నిలకడ ఆకారం వల్ల వచ్చిందో బరువు వల్ల వచ్చిందో కారణాలతో రాయండి.